అగ్గిదున్న వెనక కాళ్లు

సూదక్క తన జీవితంలో ఒకే ఒక్క సినిమాలో నటించింది. అందులో ఆమె ముఖం ఎవరికీ కనిపించలేదు. అసలు ఆ సినిమాలో ఆమె ఉన్న చోట ముఖమనేదే ఉండదు. ఆ కథలో నిప్పులు కక్కే దున్నపోతు ఒకటి ఉంది. దాని ముందు సగం సూదక్క వదిన. వెనక సగం సూదక్క.

సూదక్క అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు కాదు. కుట్టుపనిలో చేరిన కొత్తలో పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడేది. వినేవాళ్లకి మాట కంటే ముందు సూది వచ్చి గుచ్చుకుంటుందేమోనని బెదురు. తరవాత తరవాత సూదులు తీసి మాట్లాడినా ఆ బెదురు పోలేదు. పేరు అలా ఉండిపోయింది.

ఇప్పుడామె ఒక డ్రైక్లీనింగ్ దుకాణంలో, ఇస్త్రీ బల్లకీ కిటికీకీ మధ్య మిషను వేసుకుని కూర్చుంటుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం ఆమె పని. నడుము బిగించమని వచ్చేవాళ్లు తక్కువ. వదులు చేయమని వచ్చేవాళ్లు ఎప్పుడూ తప్పు ప్యాంటు మీదే నెట్టేస్తారు, ఉతుకులో కుంచించుకుపోయిందంటారు. సూదక్క తలెత్తకుండా, "అవునండీ, మీ ఇంట్లో అద్దం కూడా ఉతుకులో పడ్డట్టుంది," అంటుంది. వాళ్లు నవ్వాలో వద్దో తేల్చుకునేలోపు కుట్టు ఊడదీయడం అయిపోతుంది.

ఆమెకు పెళ్లి కాకముందు, ఇదే ఊళ్లో, పాత గోదాములో సినిమా వాళ్లు కుట్టు గది ఒకటి పెట్టారు. దానికి పెద్ద, ఒక పొడుగాటి మనిషి. ఆవిడే తరవాత వదిన అయింది. సూదక్క చేరిన వారంలోనే ఆవిడ ఆమె కుట్టిన గుండీకాజాని వెలుతురుకి పట్టి, తిప్పి చూసి, "మా తమ్ముడికి పెళ్లి చేయాలి. ఈ కాజా చూశాక ఇంకే సంబంధమూ ఆనదు," అంది. తమ్ముడు బస్సు డ్రైవరు. అక్క మాట ఎన్నడూ కాదన్నవాడు కాదు. అలా సూదక్క ఒక కాజా మూలంగా ఆ ఇంటి కోడలైంది.

ఇద్దరికీ తెగ కుదిరింది. భోజనానికి ఒకే డబ్బా తెచ్చుకునేవాళ్లు. ఒకరు గుడ్డ పరిస్తే ఇంకొకరు అడక్కుండానే చాక్‌పీసు అందించేవాళ్లు. మిగతా దర్జీలు వాళ్లని చూసి, వదినామరదళ్లంటే ఇలా ఉండరే, వీళ్లలో ఎవరో ఒకరు నటిస్తున్నారని చెవులు కొరుక్కునేవాళ్లు.

అప్పుడొచ్చింది ఆ సినిమా. దాని అసలు పేరు గోడ మీద పోస్టరులో పట్టనంత పొడుగు. అందులో రాజకుమారి, మాయ దుర్బిణి, కొండగుహ, మూడు చోట్ల ఒకేలా నవ్వే మంత్రగాడు, వీళ్లందరికీ అడ్డంపడే అగ్గిదున్న. కోటని కాపాడేది ఆ దున్నే. దాన్ని లొంగదీసినవాడికే రాజకుమారి దక్కుతుంది. దున్నని కుట్టే పని వదినకీ సూదక్కకీ పడింది. నల్లటి కంబళి గుడ్డ, లోపల స్పాంజి, అట్టతో చేసి నల్లరంగు పూసిన కొమ్ములు. ముక్కురంధ్రాల్లోంచి నిప్పు రావాలి కాబట్టి, ఒక పాత సైకిల్ హారన్‌కి ఉండే రబ్బరు బుడ్డి తెచ్చి, దానికో గొట్టం తగిలించి, అందులో ఎర్రరంగు పొడి నింపారు. బుడ్డి నొక్కితే ముక్కులోంచి ఎర్రటి పొగ. ముందున్న మనిషికి రెండు చేతులూ తల మోయడానికే చాలవు. అందుకని బుడ్డి వెనకున్న మనిషికి ఇచ్చారు. అగ్గిదున్న కోపమంతా దాని పిరుదుల దగ్గర ఉండేది.

దున్నలో దూరడానికి ఇద్దరు సర్కస్ వాళ్లని పిలిచారు. మొదటిరోజే ఒకడు లోపలి వేడికి కళ్లు తిరిగి పడిపోయాడు. రెండోవాడు, "నేను పులి నోట్లో తలపెట్టానండీ, దీనిలో పెట్టను," అని వెళ్లిపోయాడు. దర్శకుడు తల పట్టుకుని అటూ ఇటూ చూశాడు. దున్న పక్కన ఇద్దరు ఆడవాళ్లు సూదీదారాలతో నిలబడి ఉన్నారు.

"కుట్టినవాళ్లకి లోపల దారి తెలుసు కదా," అన్నాడు.

అలా వాళ్లు నటులయ్యారు. ముందున్న వదినకి దున్న మెడ దగ్గరి జల్లెడ గుడ్డలోంచి బయట కనిపిస్తుంది. వంగి నిలబడ్డ సూదక్కకి కనిపించేది వదిన నడుముకున్న బెల్టొక్కటే. దాన్ని ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేతిలో బుడ్డి. వదిన, "కుడి," అంటే కుడికి. "ఎడమ," అంటే ఎడమకి. "పరుగు," అంటే పరుగు. వదిన చెప్పందే వెనక కాళ్లు కదలకూడదు. అది మొదటిరోజే పెట్టుకున్న కట్టుబాటు. లేకపోతే దున్న మధ్యలో చిరిగిపోతుంది. కొన్నాళ్లు దున్న బ్రహ్మాండంగా నడిచింది. ఒక దృశ్యంలో గంతు కూడా వేసింది.

ఇక గొడవ సంగతి.

కుట్టుపని చేసేవాళ్లకి ఒక కత్తెర ఉంటుంది. దాంతో గుడ్డ తప్ప ఇంకేదీ కోయకూడదు. కాగితం కోస్తే దాని పదును చెడుతుంది. అట్ట కోస్తే ఇక అది కత్తెర కాదు, పటకారు. సూదక్క కత్తెర ఆమెకి పని నేర్పిన ముసలి దర్జీ, చూపు ఆనడం మానేశాక, తన చేతులతో ఇచ్చింది. ఎవరూ ముట్టకూడదని పిడికి ఎర్ర రిబ్బను కట్టి, తన మిషను పక్కన మేకుకి తగిలించేది. ఆ గదిలో రాజకుమారి కిరీటం ఎక్కడ పడితే అక్కడ దొర్లేది గానీ, ఆ కత్తెరని మాత్రం ఎవరూ తాకేవాళ్లు కాదు.

కోటని తగలబెట్టే రోజు వచ్చింది. ప్లైవుడ్ కోట. ఒక్కటే ఉంది. తగలబెడితే మళ్లీ కట్టే స్తోమత ఎవరికీ లేదు. ఆ పొద్దున దున్న కొమ్ము విరిగింది. వదిన కంగారులో తన కత్తెర కనబడక, చేతికందిన కత్తెర తీసి కొత్త కొమ్ము కోసేసింది. ఆ తరవాత సూదక్క వచ్చి, రాజకుమారి పట్టు జాకెట్టు చేతిముక్క కోయబోతే కత్తెర దాన్ని నమిలింది. తెగలేదు, నమిలింది. పట్టు అంచు మేక తిన్న ఆకులా అయింది.

"వదినా, నా కత్తెర ఎవరు తీశారు?"

"నేనే. కొమ్ము విరిగిందిగా."

"కొమ్ము అట్టది."

"అట్టదే. నువ్వే కదా అతికించావు, కొత్తగా అడుగుతావేం?"

"నా కత్తెరతో అట్ట కోశావా?"

అప్పుడు వదిన, తప్పు తెలిసే, తప్పు తెలిసినందుకే, అనకూడని మాట అంది. "కత్తెరంటే కోయడానికే కదే. దండం పెట్టుకోవడానికా?"

గదిలో మిషన్లన్నీ ఆగాయి. సూదక్క పాడైన చేతిముక్కని రాజకుమారి కొలతలతో నిలబెట్టిన బట్టల బొమ్మకి తొడిగి, ఆ బొమ్మతో అంది, "ఇక నేను ఆవిడతో మాట్లాడను."

వదిన ఇస్త్రీపెట్టె వైపు తిరిగి, "మాట్లాడమని ఇక్కడెవరూ ఏడవట్లేదు," అంది.

గంటలో ఇద్దరూ ఒకే దున్నలో ఉన్నారు.

కోటకి నిప్పు పెట్టారు. దున్న గుమ్మంలోంచి పరిగెత్తుకు రావాలి. గోడ మీంచి కథానాయకుడు దాని వీపు మీదికి దూకాలి. దర్శకుడు చెయ్యి ఊపాడు. వదిన మాట్లాడనని పట్టుబట్టిన మనిషి, కాబట్టి "పరుగు" అనలేదు. ఊరికే పరిగెత్తింది. సూదక్క, వదిన చెప్పందే కదలకూడదన్న కట్టుబాటున్న మనిషి, కాబట్టి కదల్లేదు. దున్న సాగింది. రబ్బరులా సాగి సాగి, ఇక సాగలేని చోట వెనక సగం దభీమని చతికిలబడింది. కథానాయకుడు గాల్లో ఉన్నాడు. వీపు ఉండాల్సిన చోట వీపు లేదు. ఆయన నేల మీద పడి, లేచి, అలవాటు కొద్దీ కత్తి ఎత్తాడు. దున్న తల మెల్లగా వెనక్కి తిరిగి తన పిరుదుల వైపు చూసింది. చాలాసేపు చూసింది. పిరుదులు పట్టించుకోలేదు. పైగా బుడ్డి నొక్కుకుపోయి ముక్కులోంచి ఎర్రపొగ ఒకటి ఉఫ్‌మని వచ్చింది.

ఆపమని అరవడానికి దర్శకుడికి నోరు రాలేదు. వెనక కోట కాలిపోతోంది.

ఆ ముక్కనే సినిమాలో పెట్టారు, ఇంకో ముక్క లేక. మొదటి ఆట చూసి బయటికొచ్చిన ఒకాయన, "దున్న కూర్చుంది, వెనకే సినిమా కూడా కూర్చుంది," అన్నాడు. అదే ఊరంతా పాకింది. దర్శకుడు సబ్బుల ప్రకటనలు తీయడానికి వెళ్లిపోయాడు. కుట్టు గది మూతపడింది. సామాను సర్దే రోజున సూదక్క తన కత్తెరని మేకుకే వదిలేసి వచ్చేసింది. నమిలే కత్తెర తనకెందుకని.

కూతురు పుట్టింది, పెరిగింది. వదినామరదళ్ల మధ్య మాట మాత్రం లేదు. రాకపోకలు మానలేదు, మానితే జనం అడుగుతారు. ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. "ఏమండీ, ఉప్పు ఇటివ్వమని మీ అక్కకి చెప్పండి," అనేది సూదక్క. "ఒరే తమ్ముడూ, ఉప్పు నీ పెళ్లాం మోచేతి పక్కనే ఉందని చెప్పు," అనేది వదిన. బస్సు డ్రైవరు ఇద్దరి మధ్యా కూర్చుని, ఉప్పు తీసి ఇచ్చి, తన అన్నం తాను తినేవాడు. రోజంతా హారన్లు వినేవాడికి ఇదొక లెక్క కాదు.

నిజానికి సూదక్కకి కావలసింది పెద్దదేం కాదు. వదిన ముందు మాట్లాడాలి. అంతే. అట్ట కోసింది ఆవిడ, మాట అన్నది ఆవిడ, కాబట్టి మొదటి మాట ఆవిడ నోట రావాలి. అది రాకుండా తను ఒక్క అక్షరం పలికినా ఆ కత్తెరని తనే చెత్తలో పడేసినట్టు. కొన్నిసార్లు దుకాణంలో ఏదైనా తమాషా జరిగితే, ఇది వదినకి చెప్పాలి అనుకుని, వెంటనే గుర్తొచ్చి, ఆ చిరాకు చేతిలో ఉన్న ప్యాంటు మీద చూపించేది. ఆ ప్యాంట్ల కుట్లు ఇప్పటికీ ఊడలేదు.

ఇంతలో, చచ్చిందనుకున్న సినిమా లేచింది.

ఏదో టీవీలో ఎవరూ చూడని వేళ వేస్తుంటే కాలేజీ పిల్లలు చూశారు. దున్న కూర్చునే ముక్కని ఎవరో కత్తిరించి ఫోన్లలో పంచారు. నవ్వి నవ్వి, మిగతాది కూడా చూద్దామనుకున్నారు. చూస్తే మిగతాది కూడా అలాగే ఉంది. చివరికి ఒక చిన్న హాలువాళ్లు ప్రతి ఆదివారం పొద్దున ఆట వేయడం మొదలుపెట్టారు. జనం అట్టకొమ్ములు పెట్టుకుని వచ్చేవాళ్లు. మంత్రగాడు నవ్వకముందే వాళ్లు నవ్వేవాళ్లు. కోట తగలబడగానే హాలంతా లేచి నిలబడి, దున్న చతికిలబడ్డ క్షణాన అందరూ ఒక్కసారిగా కుర్చీల్లో దభీమని కూలబడేవాళ్లు. కుర్చీలు విరిగేవి. హాలువాళ్లు వాటిని బాగుచేయించి మళ్లీ వేసేవాళ్లు.

ఆ జనంలో పాలవ్యాపారి ఒకాయన ఉండేవాడు. ప్రతివారం టికెట్టు కొని, ప్రతివారం ఒకే మాట గొణిగేవాడు. "ఏ దున్నా అలా కూర్చోదు. ముందుకాళ్లు మడిచాకే వెనకది కూర్చుంటుంది. లేచేటప్పుడు వెనకది ముందు లేస్తుంది. ఒక్కడూ గొడ్డు మొహం చూసినట్టు లేడు." అలా అని ఆయన రావడం మానలేదు.

ఒకరోజు సూదక్క కూతురు ఫోను పట్టుకుని దుకాణానికే వచ్చింది. "అమ్మా, మేనత్తని చూడు."

ఫోనులో వదిన. తల నెరిసింది, నడ్డి మాత్రం నిటారుగానే ఉంది. హాలు నడిపే అమ్మాయి, టికెట్లు చింపేది కూడా ఆ అమ్మాయే, ప్రశ్నలడుగుతోంది.

"దున్నగా చేసింది మీరేనా అండీ?"

"నేనే," అంది వదిన.

"మొత్తం?"

"దున్నంటే తలకాయేగా అమ్మా చూసేది."

"ఆ కూర్చోవడం ఎలా తోచిందండీ?"

"దున్న మనసులోకి వెళ్లి ఆలోచించాను."

సూదక్క వేలికి సూది దిగింది. అన్నేళ్లలో అది రెండోసారో మూడోసారో.

"నా పిరుదుల మీద కూర్చుని ఈవిడ పేరు తెచ్చుకుంటోంది," అంది.

"నువ్వూ చెప్పమ్మా మరి. ఆ హాలుకెళ్లి, వెనక ఉన్నది నేనని చెప్పు."

"చెప్పి? రోడ్డు మీద పోతుంటే అదుగో వెనకభాగం అని వేలు పెట్టి చూపిస్తారు." సూది దిగిన వేలు నోట్లో పెట్టుకుని తీసింది. "నేను చెప్పడం కాదే. ఆవిడ చెప్పాలి."

ఆ వారమే బస్సు డ్రైవరు చొక్కా నిండా నల్ల దారప్పోగులతో ఇంటికొచ్చాడు. సూదక్క ఒక పోగు తీసి చూసింది. కంబళి దారం.

"మీ అక్క ఏం కుడుతోంది?"

"దున్నని. హాలువాళ్లు ఆదివారం స్టేజీ మీదికి తెమ్మన్నారు. నేను సూదుల్లో దారాలెక్కించి పెడుతున్నా. అక్కకి ఇప్పుడు సూదిబెజ్జం ఆనట్లేదు."

సూదక్క గిన్నెలో గరిటె గట్టిగా తిప్పింది. "వెనకెవరు?"

"జిమ్ము మాస్టారు. మంచి కాళ్లు."

"కాళ్లు మంచివైతే సరిపోతుందా? దున్నేమైనా పరుగుపందేనికి పోతోందా?" మళ్లీ తనే అంది, "తోక దగ్గర గుడ్డని ఏటవాలుగా కోయమని చెప్పండి. నిలువుగా కోస్తే వంగినప్పుడు పిగులుతుంది."

మర్నాడు జవాబు వచ్చింది. "తెలుసునట. చెప్పినవాళ్లకి చెప్పమంది."

"తెలిస్తే మంచిదేనని చెప్పండి."

"నేను బస్సు నడుపుకోవాలి," అన్నాడు ఆయన. ఆయన ఎదురుచెప్పడమంటే అదే.

ఆదివారం పొద్దున సూదక్క కూతురితో పాటు మూడో వరసలో కూర్చుంది. చుట్టూ కొమ్ములే. పక్కన కూర్చున్న పిల్ల తన కొమ్ములు ఒంటికి తగులుతున్నాయని క్షమాపణ అడిగింది. "ఫరవాలేదమ్మా, నాకు అలవాటే," అంది సూదక్క.

తెర లేచింది. దున్న స్టేజీ మీదికొచ్చింది. సూదక్క కళ్లు ముందు తోక దగ్గరికి పోయాయి. ఏటవాలుగానే కోశారు. జనం ఈలలేశారు. ముందున్న తల కుడికీ ఎడమకీ తిరిగి, ఠీవిగా ఆగింది. అప్పుడు వెనకభాగం కూర్చుంది. మెత్తగా, కొలత పెట్టినట్టు, వెన్ను నిటారుగా. చాప మీద వ్యాయామం చేస్తున్నట్టు కూర్చుంది. చప్పట్లు పడ్డాయి, మర్యాద చప్పట్లు. నవ్వు రాలేదు. పక్కపిల్ల కూతురితో గుసగుసగా, "సినిమాలో దున్నకి ఏదో ఒళ్లు మండినట్టుంటుంది కదా, దీనికి ఏమీ మండట్లేదు," అంది.

సూదక్క ఆ పిల్లని ఒకసారి చూసింది. సినిమా మొదలైంది. విశ్రాంతి వేళకి ఆమె కుర్చీలో లేదు.

తెర వెనక దున్న నిలబడి ఉంది. తల విప్పడం, తొడగడం పెద్ద తతంగం కాబట్టి వదిన లోపలే ఉంది. జిమ్ము మాస్టారు మాత్రం వెనకనుంచి బయటికొచ్చి, ఫ్యాను కింద చొక్కా పైకెత్తి నిలబడ్డాడు. హాలు అమ్మాయి ఆయనకి నీళ్లిస్తోంది.

సూదక్క చెప్పులు విప్పింది. "నా కాళ్లు నాకిచ్చేయండి మాస్టారూ," అంది మెల్లగా.

"ఏమిటండీ?"

"వెనక కాళ్లు. అవి నావి."

హాలు అమ్మాయి నోరు తెరిచింది. జిమ్ము మాస్టారు మాత్రం ఇంకో ప్రశ్న వేయలేదు. "తీసుకోండమ్మా, పుణ్యం ఉంటుంది. లోపల గాలి లేదు," అన్నాడు.

సూదక్క వంగి దూరింది. అదే చీకటి, అదే కంబళి వాసన. చేతులు చాచితే బెల్టు దొరికింది. వదులుగా ఉంది. జాకెట్టుకి ఎప్పుడూ గుచ్చుకుని ఉండే పిన్నీసు తీసి, బెల్టు మడిచి బిగించి పెట్టింది. అప్పట్లో ప్రతిరోజూ అలాగే పెట్టేది. ఆ పిన్నీసు చప్పుడుకి ముందున్న నడుము బిర్రబిగుసుకుంది.

కోట తగలబడే ఘట్టం వచ్చింది. స్టేజీ మీద, తెరకి పక్కగా దున్నని నిలబెట్టారు. హాలంతా లేచింది. వెనక తెర మీద దున్న సాగింది, చతికిలబడింది. జనమంతా కుర్చీల్లో కూలబడ్డారు. స్టేజీ మీది దున్న మాత్రం నిలబడే ఉంది.

ముందున్న నడుము బెల్టుని కిందికి గుంజింది. సూదక్క కదల్లేదు. మళ్లీ గుంజింది. చెప్పందే కదలకూడదన్నది కట్టుబాటు. సూదక్క స్తంభంలా నిలబడింది. ఇప్పుడు కూడా ఆవిడ నోరు విప్పకపోతే ఇక జన్మలో విప్పదని ఆమెకి తెలుసు. హాల్లో ఎవరో దగ్గారు. నవ్వు ఒక మూల మొదలై ఆగిపోయింది.

వదిన తెగించి ముందు సగం తనే కూర్చుంది. దున్న ముందుకాళ్లు మడిచి, ముట్టె నేలకి ఆనించి, పిరుదులు ఆకాశంలో పెట్టి నిలబడింది. హాలు ఘొల్లుమంది. పాలవ్యాపారి లేచి నిలబడ్డాడు.

"మరదలా," అంది చీకట్లో వదిన గొంతు.

సూదక్క బెల్టుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"కూర్చో."

"ఎవరితో మాట్లాడుతున్నారో?"

"ఈ పొట్టలో ఇంకెవరున్నారే?"

"ఉప్పు అందించాలంటే తమ్ముడున్నాడుగా."

"వాడు ఇందులో పట్టడు. కూర్చో, నా మోకాళ్లు పోతున్నాయి."

"కత్తెర సంగతి తేలాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాకు నిలబడ్డానికి ఇబ్బందేం లేదు."

బయట నవ్వు కెరటాలుగా వస్తోంది. "కోశాను," అంది వదిన. "నీ కత్తెరతో అట్ట కోశాను. కోసేటప్పుడే తెలుసు. తెలిసే కోశాను. సరేనా?"

"ఇంకా ఉంది."

"దండం పెట్టుకోవడానికా అన్నాను. అది అనకూడదు. ఆ మాట అన్న రాత్రి నాకు అన్నం దిగలేదు. తరవాత దిగిందనుకో, అబద్ధమెందుకు."

"దున్న ఎవరు?"

"ముందు సగం నేను."

"ఆ అమ్మాయికి చెప్తావా?"

"చెప్తాను. నువ్వు మాత్రం తక్కువా, ఆరోజు కావాలనే కూర్చోలేదూ?"

"కూర్చోకపోతే ఇవాళ నిన్నెవరు పిలిచేవాళ్లు వదినా?"

వదిన ఆలోచించింది. "అదీ నిజమే."

సూదక్క కాళ్లు వదిలేసింది. కూర్చోవడమేమిటి, వెనక సగం బస్తా పడ్డట్టు పడింది. హాల్లో కుర్చీలు ఎన్ని విరిగాయో ఎవరూ చూడలేదు. కూతురు మూడో వరసలో కొమ్ములు చేత్తో పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఆ కత్తెర నా దగ్గరే ఉంది," అంది వదిన, మామూలు గొంతుతో, నిన్నటి మాట కొనసాగిస్తున్నట్టు.

"మేకుకి వదిలేశానుగా."

"నేను తీసుకున్నా. సాన పట్టించాను. ఇప్పటిదాకా దాంతోనే కోస్తున్నాను. గుడ్డ తప్ప ఇంకేదీ కోయలేదు. చాలా మంచి కత్తెర మరదలా. ఈ తోక కూడా దాంతోనే కోశాను."

"నా కత్తెరతో ఇన్నేళ్లు నువ్వు కుట్టుకుంటున్నావా?" అంది సూదక్క. కోపమో ఏమిటో తెలియలేదు. చేతికి రబ్బరు బుడ్డి తగిలింది. బలంగా నొక్కింది. దున్న ముక్కులోంచి ఎర్రపొగ భగ్గుమని లేచి మొదటి వరస మీద పడింది. మొదటి వరస ఆనందంతో దగ్గింది.

తెర మీద సినిమా సాగిపోయింది. రాజకుమారి దొరికింది, మంత్రగాడు చివరిసారి నవ్వాడు. స్టేజీ మీది దున్న లేవలేదు. దాని పొట్ట ఉండుండి కదులుతోంది. లోపల్నుంచి గుసగుసలు, మధ్య మధ్య ఒక కిచకిచ నవ్వు. ప్యాంట్ల వాళ్ల సంగతులు, కూతురి సంగతులు, తమ్ముడి గురకల సంగతి. హాలు అమ్మాయి అటు వెళ్లాలా వద్దా అని నిలబడిపోయింది. దీపాలు వెలిగాయి.

"లే ఇక," అంది వదిన.

"ఎవరు ముందు?"

"నా వల్ల కాదు. నువ్వే లే. తరవాత నన్ను ఎత్తు."

వెనక కాళ్లు నేల తన్ని లేచాయి. పిరుదులు పైకొచ్చాయి. ఆ తరవాత బెల్టు పట్టుకుని గుంజితే, ముందుకాళ్లు ఒక్కొక్కటే నిటారయ్యాయి.

వెనక వరసలో పాలవ్యాపారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లకి," అన్నాడు పక్కవాడితో, "గొడ్డు లేచినట్టు లేచింది."